రెండుసార్లు గ్యాస్ ఎక్కించినా ఐస్ కట్టిన ఏసీ: లెవల్ పైపుతో ఫిల్టర్‌ను కనిపెట్టుకున్న కేసు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల 19 ఏళ్లుగా ఏసీల పని చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఇందులో జరిగిన తప్పు మా పనిలో రోజూ జరుగుతుంది. గాలి ఆడక ఆగిపోయిన మిషన్‌కు గ్యాస్ ఎక్కిస్తాం. ఇంటివాళ్లు డబ్బులిస్తారు, నాలుగు రోజులకు మళ్లీ ఫోన్ చేస్తారు. ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

ఇల్లు, మిషన్, దుమ్ము

మిర్యాలగూడ ఊరి చివర, రైస్ మిల్లులకు దగ్గరలో ఉన్న డూప్లెక్స్ ఇల్లు. ఉండేది పెద్దాయన, అమ్మ ఇద్దరే. పెద్దాయన చాలా ఏళ్లు మిల్లులో పని చూసుకున్నారు, ఇప్పుడు ఆయాసం ఉంది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇల్లు కట్టేటప్పుడే అక్కడి ఇళ్లలోలాగా గదులన్నిటికీ కలిపి 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ పెట్టించాడు. ఇండోర్ యూనిట్ నడవ మీద ఫాల్స్ సీలింగ్‌లో ఉంటుంది. ఇంట్లోని గాలి తిరిగి లోపలికి పోయే రిటర్న్ గ్రిల్ నడవ గోడకు, 4 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు. ఫిల్టర్ ఉండేది ఆ గ్రిల్ వెనకే. మిషన్‌లో గ్యాస్ ఆర్-410ఏ. గాలిని తోసే ఫ్యాన్‌ను బ్లోయర్ అంటాం, దాని మోటార్ మామూలు కెపాసిటర్ మోటార్, మూడు స్పీడ్‌లది. ఈ మోటార్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక దుమ్ము. మిల్లుల పక్కన ఉండని వాళ్లకు ఇది అర్థం కాదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నూరు కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆ ఊకనే బాయిలర్‌లో కాలుస్తారు. కాలిన ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. దాంట్లో ఎక్కువ భాగం సిలికా. ఆ బూడిద నల్లటి పొరల్లాగా గాలికి లేచి డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. దీనికి తోడు తౌడు దుమ్ము. తౌడులో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. ఫిల్టర్ మీద ముందు తౌడు జిగురులా పట్టి, దాని మీద బూడిద కూర్చుంటే చేత్తో దులిపినా రాదు. యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం పంట చేతికొచ్చే నవంబర్, డిసెంబర్‌లో ఇది బాగా ఎక్కువ. మిగతా నెలల్లో అంత ఉండదు.

నన్ను పిలిచింది ఎందుకు

మే రెండో వారంలో ఫోన్ వచ్చింది. పొద్దున బాగానే చల్లబడుతుంది, మధ్యాహ్నం మూడయ్యేసరికి గాలి రాదు. 26లో పెట్టినా హాల్ 30 దగ్గరే ఆగిపోతుంది. నడవలో ఫాల్స్ సీలింగ్ తడిసి ఉబ్బింది. బయటి యూనిట్ దగ్గర పైపు మీద తెల్లగా ఐస్ కట్టింది. అప్పటికే ఏప్రిల్‌లో ఒకరు, మే మొదట్లో ఇంకొకరు వచ్చి గ్యాస్ ఎక్కించి పోయారు.

"గ్యాస్ ఎక్కించిన నాడు మంచిగనే ఉంటది బిడ్డా. నాలుగొద్దులకు మల్ల గదే. నువ్వు గూడ గ్యాసే అంటవా?" అని అడిగింది అమ్మ.

ఆ మాటలోనే నాకు మొదటి ఆధారం దొరికింది. గ్యాస్ లీక్ అవుతుంటే ఎక్కించిన తర్వాత కూలింగ్ మెల్లమెల్లగా తగ్గాలి. ఇక్కడ పొద్దున బాగుండి మధ్యాహ్నం పడిపోతోంది, రాత్రి కాసేపు ఆపితే మళ్లీ పొద్దున బాగుంటోంది. అంటే ఐస్ కట్టడం, కరగడం రోజూ జరుగుతున్నాయి. గ్యాస్ ఎక్కించిన నాడు బాగుండటానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. మెకానిక్ పని చేసిన ఆ రెండు మూడు గంటలు మిషన్ ఆగి ఉంది, ఐస్ కరిగింది.

మొదటి రోజు

గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్‌లు వెంటనే పెట్టలేదు. గాలిని చల్లబరిచే లోపలి కాయిల్ ఐస్‌తో మూసుకుపోయి ఉన్నప్పుడు వచ్చే ప్రెషర్ ఆ ఐస్‌దే, అసలు జబ్బుది కాదు. కంప్రెసర్ ఆపి, బ్లోయర్ ఒక్కటే రెండు గంటలు నడిపించాను. మెకానిక్ ఖాళీగా కూర్చున్నట్టు కనిపించే సమయం ఇది. ఇంటివాళ్లకు ముందే చెప్పకపోతే చిరాకు పడతారు, కొందరు తొందరపెడతారు కూడా. అయినా ఆగాల్సిందే.

కరిగాక మళ్లీ కంప్రెసర్ వేసి, 20 నిమిషాలు ఆగి, రిటర్న్ గ్రిల్ దగ్గర ఒక థర్మామీటర్, హాల్‌లో చల్లగాలి వచ్చే గ్రిల్ దగ్గర ఒకటి పెట్టాను. లోపలికి పోయే గాలి 28, బయటికొచ్చేది 11. తేడా 17 డిగ్రీలు. ఇలాంటి పొడి ఎండలో బాగున్న మిషన్ 10 నుంచి 12 ఇస్తుంది.

17 అంటే ఇంకా మంచిది కదా అనుకుంటారు చాలామంది. కాదు. కాయిల్ మీద గాలి తక్కువగా, నెమ్మదిగా పోతే ఆ కొద్ది గాలి మరీ చల్లబడుతుంది, తేడా పెరుగుతుంది. గ్యాస్ తక్కువైతే కాయిల్ సగమే పని చేస్తుంది, తేడా తగ్గుతుంది. ఐస్ మాత్రం రెండిట్లోనూ కడుతుంది. మా వాళ్లు పొరపడేది ఇక్కడే. ఐస్ చూస్తారు, గేజ్ పెడితే సక్షన్, అంటే కంప్రెసర్‌కు తిరిగొచ్చే గ్యాస్ ప్రెషర్, తక్కువ చూపిస్తుంది, గ్యాస్ తక్కువ అనేస్తారు.

అప్పుడు గేజ్ పెట్టాను. సక్షన్ 95 పీఎస్‌ఐ. ఆర్-410ఏకు 101 పీఎస్‌ఐ దగ్గర కాయిల్ సున్నా డిగ్రీలకు వస్తుంది. 95 అంటే సున్నా కంటే కింద. తేమ గడ్డకట్టక ఏం చేస్తుంది? ఈ 95 ఒక్కటే చూస్తే నేను కూడా సిలిండర్ తెరిచేవాడినేమో. కానీ సక్షన్ పైపు మీద టెంపరేచర్ చూస్తే గ్యాస్ మరిగే టెంపరేచర్ కంటే 3 డిగ్రీలే ఎక్కువ ఉంది. గ్యాస్ నిజంగా తక్కువైతే ఈ తేడా చాలా పెద్దగా ఉండాలి. ఇక్కడ గ్యాస్ కాయిల్ నిండా ఉంది, దాని చలిని తీసుకుపోయే గాలే లేదు.

గ్రిల్ తెరిచాను. వెనక ఏసీతో వచ్చిన నైలాన్ వల ఫిల్టర్ లేదు. దాని చోట 24 అంగుళాల చదరపు కాగితం ఫిల్టర్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి, అంగుళం మందం, మడతలు మడతలుగా. అట్ట మీద మెర్వ్ 13 అని ఉంది. ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పే అమెరికా లెక్క అది, అంకె పెరిగేకొద్దీ వడపోత సన్నం. వాటి ముందు వైపు నల్లగా, చెయ్యి పెడితే జిడ్డుగా ఉంది. రెండూ తీసేసి, ఇంకేమీ ముట్టుకోకుండా 20 నిమిషాలు మిషన్ నడిపించాను. తేడా 17 నుంచి 11కు దిగింది. సక్షన్ 95 నుంచి 122కు పెరిగింది.

ఇంకేమీ ముట్టుకోలేదు అన్న మాట ముఖ్యం. అప్పుడే గ్యాస్ కూడా సరిచేసి, కాయిల్ కూడా కడిగి ఉంటే దేనివల్ల బాగైందో నాకూ తెలిసేది కాదు, ఇంటివాళ్లకూ చూపించలేకపోయేవాడిని. అమ్మను పిలిచి థర్మామీటర్ చూపించాను, ఫిల్టర్లు ఎండకు ఎత్తి పట్టి చూపించాను. వెలుతురు రాలేదు.

మర్నాడు రికవరీ మిషన్ తెచ్చి గ్యాస్ బయటికి తీసి తూచాను. ప్లేట్ మీద రాసినదానికి పైపు పొడవు లెక్క కలిపితే 4.2 కిలోలు ఉండాలి. 4.9 ఉంది. రెండుసార్లలో 700 గ్రాములు అనవసరంగా ఎక్కించారు. మండుటెండలో కంప్రెసర్ ఆ బరువంతా మోసింది. లెక్క ప్రకారం తూచి తిరిగి నింపాను.

డల్లాస్ నుంచి వచ్చిన ఫిల్టర్, దానితో వచ్చిన మీటర్

ఆ రాత్రి కొడుకుతో వీడియో కాల్. మంచి మనిషి. అమ్మానాన్నల గురించి దూరం నుంచి పడే టెన్షన్ ఆ మాటల్లో తెలుస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేస్‌లో 12 ఫిల్టర్లు తెచ్చి పెట్టాడు. నాన్న ఆయాసానికి మంచి ఫిల్టర్ ఉండాలని ఆయన ఉద్దేశం. ఉద్దేశం తప్పు కాదు. మెర్వ్ 13 ఫిల్టర్ మైక్రాన్‌లో మూడో వంతు నుంచి ఒక మైక్రాన్ దాకా ఉండే సన్నటి కణాల్లో సగమైనా పట్టాలని అమెరికా ప్రమాణం చెప్తుంది. నైలాన్ వల వాటిని అసలు పట్టదు.

కానీ అంత సన్నగా వడకట్టాలంటే గాలిని గట్టిగా తొయ్యాలి. ఈ బ్లోయర్ గదులకు గాలి మోసే డక్ట్‌లకు, గ్రిల్‌కు, ఫిల్టర్‌కు కలిపి ఇవ్వగలిగిన తోపు 80 పాస్కల్స్ (గాలి ప్రెషర్ కొలత) అని కేటలాగ్‌లో ఉంది. డక్ట్‌లే దాంట్లో చాలా భాగం తినేస్తాయి. కొత్త మెర్వ్ 13 ఒక్కటే 50 దాకా తీసుకుంటుందని తర్వాత కొలిస్తే తెలిసింది. డల్లాస్‌లో ఆ ఇంటి బ్లోయర్ వేరు. గాలి తగ్గితే తనంతట తనే స్పీడ్ పెంచుకునే మోటార్. పైగా అక్కడ చలికాలంలో వెచ్చటి గాలి, ఎండాకాలంలో చల్లటి గాలి రెండూ ఒకే ఫిల్టర్ గుండా పోతాయి, ఏడాది పొడవునా నడుస్తుంది కాబట్టి 90 రోజులకోసారి మార్చమనే లెక్కకు ఒక అర్థం ఉంటుంది. మన దగ్గర చలికాలంలో ఏసీ వేసేవాళ్లే లేరు. జనవరిలో పెట్టిన ఫిల్టర్‌కు 90 రోజులు లెక్కపెడితే దాంట్లో సగం రోజులు అది గాలే చూడలేదు. మిగిలిన రోజుల్లో యాసంగి బూడిద అంతా చూసింది.

కొడుకు దీన్ని కూడా ఆలోచించాడు. రోజులు నమ్మకుండా ఒక చిన్న మీటర్ తానే తయారు చేసి పెట్టాడు. ఫిల్టర్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు బీఎంపీ280 సెన్సర్లు. గాలి ప్రెషర్ కొలిచే చవక చిప్ ఇది. రెండిటి మధ్య తేడా ఫిల్టర్ ఎంత అడ్డుపడుతోందో చెప్తుంది. ఒక వైఫై బోర్డు ఆ తేడాను ఆయన ఫోన్‌కు పంపుతుంది. డల్లాస్ ఇంట్లో రెండేళ్లుగా బాగా పని చేసింది. ఇక్కడ నేను తీసేసిన ఫిల్టర్లకు ఆ ఫోన్‌లో ఏం చూపించిందంటే, 38 శాతం నిండింది అని.

"అన్నా, మరి నా సెన్సర్ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన భాగం. ఇద్దరం కలిసి చిప్ డేటాషీట్ చదివాం. టెంపరేచర్ ఒక డిగ్రీ మారితే ఆ చిప్ కొలత 1.5 పాస్కల్స్ దాకా జరగవచ్చు అని రాసి ఉంది. వాతావరణం కొలవడానికి అది లెక్కలోకి రాదు. మనం పట్టుకోవాల్సిన తేడా, కొత్త ఫిల్టర్ నుంచి మూసుకుపోయిన ఫిల్టర్ దాకా, మొత్తం 60 పాస్కల్స్. డల్లాస్‌లో రెండు చిప్‌లూ చల్లటి ఇంటి లోపల ఒకే వేడిలో ఉంటాయి. ఇక్కడ ఒకటి ఫిల్టర్ వెనక 28 డిగ్రీల గాలిలో ఉంది. రెండోది ఫాల్స్ సీలింగ్ పైన ఉంది. మే మధ్యాహ్నం అక్కడ థర్మామీటర్ పెట్టి చూశాను, 48. ఇరవై డిగ్రీల తేడా అంటే 30 పాస్కల్స్ తప్పు. ఆ తప్పు తగ్గించే వైపు పడింది. పైగా సున్నా సెట్ చేసింది జనవరి రాత్రి.

పని చేయనివి

కొత్త మెర్వ్ 13 జత పెట్టి, సెన్సర్లు రెండూ గ్రిల్ పెట్టె దగ్గరే ఒకే చోటికి మార్చి, బ్లోయర్ ఆగిన ప్రతిసారీ సున్నా సరిచూసుకునేలా కొడుకు ప్రోగ్రామ్ మార్చాడు. నేను మెర్వ్ 13 వద్దనే అన్నాను. పెద్దాయన ఆరోగ్యం గురించి కాబట్టి గట్టిగా చెప్పలేకపోయాను. తొమ్మిదో రోజు మళ్లీ ఐస్ కట్టింది. మేలో ఆ ఇంట్లో బ్లోయర్ పగలంతా ఆగనే ఆగదు, అందుకే సున్నా సరిచూసుకునే అవకాశమే దానికి రాలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి. అంకె పోయేది డల్లాస్‌కు. అక్కడ అర్ధరాత్రి. ఇక్కడ ఫిల్టర్ పక్కన కూర్చున్న ఇద్దరికీ ఏమీ కనపడదు.

తర్వాత బ్లోయర్ తీగ మీద కరెంట్ కొలిచే క్లాంప్ పెట్టి, ఆంప్స్ పెరిగితే మెసేజ్ వచ్చేలా చేద్దామన్నాడు. ఫిల్టర్ మూసుకుపోతే మోటార్ కష్టపడుతుంది, కరెంట్ ఎక్కువ లాగుతుంది అని చాలామంది మెకానిక్‌లు కూడా నమ్ముతారు. స్పీడ్ తానే పెంచుకునే మోటార్ విషయంలో అది నిజం. ఇలాంటి మామూలు మోటార్‌కు సరిగ్గా తిరగేసి జరుగుతుంది. గాలి తక్కువ కదిలితే బ్లోయర్‌కు బరువు తక్కువ, ఆంప్స్ తగ్గుతాయి. క్లాంప్ మీటర్ పెట్టి చూపించాను: ఫిల్టర్ లేకుండా 2.1 ఆంప్స్, మురికి ఫిల్టర్‌తో 1.8. ఆంప్స్ పెరిగితే మోగే అలారం పెట్టి ఉంటే అది ఎప్పటికీ మోగేది కాదు. తగ్గితే మోగేలా పెడదామంటే ఓల్టేజ్ అటూ ఇటూ ఊగడం వల్ల వచ్చే తేడా కూడా అంతే ఉంది. వదిలేశాం.

రెండు థర్మామీటర్లు గ్రిల్‌ల దగ్గర వదిలేసి తేడా 14 దాటితే ఫిల్టర్ చూడమని చెప్పడం కూడా ఆలోచించాను. మేలో సరిపోతుంది. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగితే కాయిల్ శక్తి సగం ఆ తేమను నీళ్లు చేయడానికే పోతుంది, శుభ్రమైన ఫిల్టర్‌తో కూడా తేడా 8, 9కి దిగుతుంది. అప్పుడు ఫిల్టర్ మూసుకుపోయి 12 వచ్చినా అంతా బాగుందనిపిస్తుంది. నాకు పని సరిచూసుకోవడానికి అది మంచి కొలత. ఏడాదంతా కనిపెట్టుకుని ఉండటానికి సరిపోదు.

లెవల్ పైపు

ఆ ఇంటి పక్కనే ఇంకో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీ, కూలి నీళ్ల పైపు చెరో కొస పట్టుకుని గోడ లెవల్ చూస్తున్నారు. రెండు కొసల మీద గాలి ప్రెషర్ ఒకటే అయితే నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఒక కొసన ప్రెషర్ తగ్గితే అటు నీళ్లు లేస్తాయి. ఫిల్టర్ ముందు గది గాలి, వెనక బ్లోయర్ పీలుపు. కొలవాల్సింది అదే కదా అనిపించింది. ట్రైనింగ్‌లో మానోమీటర్ పేరుతో చదువుకున్నదే ఇది. ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగేంత తేలిక అని అన్నేళ్లలో నాకు తట్టలేదు.

ఒక మిల్లీమీటర్ నీటి ఎత్తు సుమారు 10 పాస్కల్స్. నిలువు పైపులో 3 మిల్లీమీటర్లకూ 5 మిల్లీమీటర్లకూ తేడా పెద్దవాళ్ల కళ్లకు ఆనదు. అందుకే పైపును వాలుగా పడుకోబెట్టాలి. మొదట మెడికల్ షాపులో సెలైన్ పైపు కొని చేశాను. అది మరీ సన్నం, నీళ్లు గోడకు అతుక్కుని కదలవు. వేలితో తడితే ఒక్కసారిగా ఎగురుతాయి. తర్వాత హార్డ్‌వేర్ షాపులో లోపల 5 మిల్లీమీటర్లుండే లెవల్ పైపు తెచ్చాను. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే అతుక్కోవడం పోయింది. కనపడటానికి ఒక చుక్క నీలిమందు. మీటరుకు 10 సెంటీమీటర్ల ఎత్తు ఇస్తే నీటి అంచు నాలుకలా సాగి ఎక్కడ చదవాలో తెలియలేదు. 20కి పెంచితే కుదిరింది. అప్పుడు పైపు వెంట అర సెంటీమీటర్ అంటే నిలువున ఒక మిల్లీమీటర్, అంటే 10 పాస్కల్స్. అర సెంటీమీటరుకు ఒక గీత గీశాను. ఒక గీత, 10 పాస్కల్స్.

మీటరు పొడవు చెక్కపట్టీని గ్రిల్ పక్కన గోడకు వాలుగా బిగించాను. కింది కొసన మూతకు చిన్న రంధ్రం ఉన్న ప్లాస్టిక్ డబ్బా, దాని అడుగు నుంచి పైపు పైకి. పైపు పై కొస గ్రిల్ పెట్టెలోకి, ఫిల్టర్ వెనక్కి. పెట్టెలో పైపు మూతి గాలి వాలుకు అడ్డంగా ఉండాలి. ఎదురుగా ఉంటే గాలి నేరుగా కొట్టి కొలత చెడిపోతుంది. ఖర్చు మొత్తం 200 రూపాయల లోపే.

మూడు నియమాలు పెట్టుకున్నాం. ముందు బ్లోయర్ ఆపి నీళ్లు సున్నా గీత దగ్గర ఉన్నాయో లేదో చూడాలి; ఎండలకు నీళ్లు ఆరిపోతాయి, తగ్గితే డబ్బాలో పొయ్యాలి. తర్వాత బ్లోయర్ హై స్పీడ్‌లోనే పెట్టి చూడాలి, స్పీడ్ మారితే అదే ఫిల్టర్‌కు వేరే అంకె వస్తుంది. మూడోది, నీటి అంచు నాలుకలా సాగితే ఆ నాలుక కొస దగ్గరే గీత చదవాలి.

ఏ గీత దగ్గర ఆపాలి

కొత్త ఫిల్టర్ అడ్డు రెట్టింపైతే మార్చమని ఒక మోటు లెక్క ఉంది. ప్రతి మిషన్ ఓర్పు ఒకటి కాదు కాబట్టి ఈ మిషన్‌నే అడగాలనుకున్నాను. దానికంటే ముందు ఫిల్టర్ సంగతి తేల్చాలి. కొడుకుతో, పెద్దాయనతో కూర్చుని మాట్లాడాను. సన్నటి దుమ్ము వడకట్టాల్సిన అవసరం ఇంటి మొత్తానికి లేదు, పెద్దాయన పడుకునే గదికి ఉంది. ఆ గదిలో హెపా ఫిల్టర్ (మెర్వ్ 13 కంటే ఇంకా సన్నగా వడకట్టేది) ఉన్న గాలి శుద్ధి మిషన్ విడిగా పెట్టుకుంటే సెంట్రల్ ఏసీ గొంతు నొక్కక్కర్లేదు. ఆయన డాక్టర్‌ను అడిగి అలాగే చేశారు. ఆయాసం సంగతి డాక్టర్ చూసుకోవాల్సింది, దాని గురించి నేనేమీ రాయను.

సెంట్రల్ మిషన్‌కు ముందు నైలాన్ వల, దాని వెనక హైదరాబాద్ నుంచి కొలత ఇచ్చి చేయించిన 2 అంగుళాల జీ4 ఫిల్టర్. మెర్వ్ లెక్కలో ఇది 8కి దగ్గరగా ఉంటుంది. మందం రెట్టింపైతే మడతల విస్తీర్ణం పెరుగుతుంది, అడ్డు తగ్గుతుంది. రెండూ కలిపి కొత్తగా ఉన్నప్పుడు 3 గీతలు. కొత్త మెర్వ్ 13 ఒక్కటే 5 గీతలు. నేను మొదటి రోజు తీసి దాచిన మురికి జతను పది నిమిషాలు పెట్టి చూస్తే 11.

ఇప్పుడు శుభ్రమైన ఫిల్టర్ మీద అట్టముక్కలు ఒక్కొక్కటీ అడ్డుపెడుతూ పోయాను. బ్లోయర్‌కు అట్ట అయినా బూడిద అయినా ఒకటే. 3 గీతల దగ్గర టెంపరేచర్ తేడా 11. 5 దగ్గర 12. 7 దగ్గర 14. 8న్నర దగ్గర సక్షన్ 104కు దిగింది, ఇంకొంచెం దిగితే ఐస్. కాబట్టి 5 దగ్గర పసుపు టేపు: వల కడగాలి. 7 దగ్గర ఎర్ర టేపు: జీ4 మార్చాలి. ఎర్ర టేపు ఐస్‌కు ఒకటిన్నర గీత ముందే ఉంది, ఎందుకంటే అమ్మ చూసేది శనివారం శనివారం. మధ్యలో వారం గడుస్తుంది.

వల కడగడం గురించి ఒక మాట. అక్కడ బోరు నీళ్లు ఉప్పు ఎక్కువ, ఆరాక వల మీద తెల్లటి పొర కడుతుంది. సర్ఫ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చివర నల్లాలో వచ్చే మిషన్ భగీరథ పథకం నీళ్లతో జాడించి, నీడన ఆరబెట్టమన్నాను. జీ4ను ఎవరూ కడగకూడదు. ఒకసారి పనమ్మాయి మంచి మనసుతో మెర్వ్ 13 ఒకటి కడిగి ఆరేసింది, మడతలన్నీ అతుక్కుపోయాయి.

తర్వాత

అమ్మ ప్రతి శనివారం దీపం పెట్టాక గీతలు చూసి, పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే అంకె వేస్తుంది. కొడుకుకు ఆ క్యాలెండర్ ఫోటో పోతుంది. మే చివర్లో పసుపు టేపు వారానికే వచ్చేది. జీ4 ఐదు వారాలకు మార్చాం. జులై, ఆగస్టుల్లో వల 20 రోజులు ఆగింది. రెండో జీ4 సెప్టెంబర్ దాకా వచ్చింది. నవంబర్‌లో కోతలు మొదలవగానే పగటిపూట కొద్దిసేపే ఫ్యాన్ నడిచినా మళ్లీ ఎనిమిది రోజులకే పసుపు.

ఐస్ మళ్లీ కట్టలేదు. బిల్లు కూడా తగ్గింది, కానీ జూన్ వానలతో ఎండా తగ్గింది కాబట్టి ఆ తగ్గుదలను నేను ఫిల్టర్ ఖాతాలో వెయ్యను. మళ్లీ ఏడాది మే నెలలో బయట 43 ఉన్న మధ్యాహ్నం హాల్ 26కు చేరిందా లేదా అన్నదే నా లెక్క. చేరింది.

మధ్యలో ఒక సంగతి జరిగింది. జూన్ చివర్లో అమ్మ ఫోన్ చేసి, "రెండు వారాల సంది రెండున్నర గీతలే చూపెడుతుంది బిడ్డా, దుమ్మేమో కనబడుతనే ఉన్నది. మంచిదేనా ఇది?" అంది. కొత్త ఫిల్టరే 3 చూపిస్తుంటే వాడినది రెండున్నర ఎలా చూపిస్తుంది? వెళ్లి చూస్తే జీ4 చట్రం ఒక మూల జారి వేలెడు సందు ఏర్పడింది. గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని ఆ సందు నుంచి దుమ్ముతో సహా కాయిల్ మీదికి పోతోంది. సందుకు ఫోమ్ పట్టీ అతికించి బిగిస్తే గీతలు నాలుగుకు వచ్చాయి. అప్పటిదాకా నేను ఎర్ర టేపు గురించే చెప్పాను. ఆ రోజు 3 గీతల కింద ఇంకో ఎర్ర టేపు వేశాను. గ్రిల్ తలుపు సరిగ్గా మూయకపోయినా, పైపు ఊడినా కూడా కొలత అటే పడుతుంది.

ఆ ఇంటి నుంచి నేను తీసుకుపోయినవి రెండు పద్ధతులు. ఐస్ కట్టిందని పిలిస్తే గేజ్ సంచి బండిలోనే ఉంచి, ముందు థర్మామీటర్లతో లోపలికి వెళ్తాను. ఫిల్టర్ తీసి 20 నిమిషాలు నడిపించాకే గ్యాస్ మాట ఎత్తుతాను. డక్టబుల్ ఉన్న ఇంకో మూడు ఇళ్లలో లెవల్ పైపు పెట్టాను, ప్రతి ఇంట్లో అట్టముక్కల పరీక్ష కొత్తగా చేసి ఎర్ర టేపు చోటు వేరుగా నిర్ణయించాను. ఒకచోట అది 5 దగ్గరే వచ్చింది, అక్కడ డక్ట్ వంపులు ఎక్కువ. గోడకు వేలాడే మామూలు స్ప్లిట్ ఏసీకి ఈ పైపు పనికిరాదు. దాని వల అడ్డు గీతకు కూడా రాదు, కోతల కాలంలో వారానికోసారి తీసి కడగడమే దానికి దారి.

కొడుకు మానలేదు. రెండు చిప్‌ల బదులు రెండు వైపుల తేడాను నేరుగా కొలిచే సెన్సర్ ఒకటి కొని ఈ సంక్రాంతికి తెచ్చాడు. దాని పైపులు లెవల్ పైపు పక్కనే గుచ్చాం. మొదటి వారం ఫోన్‌లో 34 పాస్కల్స్, క్యాలెండర్ మీద మూడున్నర గీతలు. రెండూ కలిసి యాసంగి కోతలు దాటేదాకా ఉంచుతున్నాం. ఆ సెన్సర్ కొద్దిగా గాలిని తన లోపలి నుంచి పోనిస్తుంది కాబట్టి తౌడు దుమ్ము దాన్ని ఏం చేస్తుందో మే నెలలో చూడాలి. అప్పటిదాకా శనివారం అంకె అమ్మదే.